ఏనుగు ఎటు నడుస్తుంది

కూతురి మీద ఆడబోయే పిల్లకి తండ్రే పనిగట్టుకుని ఆట నేర్పుతానంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది.

ఆ తండ్రి మా వదిన నాన్న. నేను మామయ్యా అని పిలుస్తాను. ఒక కంటికి శుక్లం తీయించుకుని మా ఇంట్లో ఉంటున్నాడు. రెండో కన్ను ఎప్పటినుంచో మసకే. నా గదిలో, నా మంచం మీద, నల్లకళ్లద్దాలు పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంటాడు. నోట్లో వేలు పెట్టినా కొరకడు. నా అనుమానంలో సగం అందుకే.

నేనూ వదినా ఒకే దుకాణంలో పనిచేస్తాం. చిరిగిన బట్టలకి రఫ్ఫు చేసే దుకాణం. చిరుగు చుట్టూ ఉన్న నేతను చూసుకుని, సూదితో దారాన్ని అదే నేతలో నడిపి, చిరుగు ఉన్నట్టే తెలియకుండా చేయాలి. చేయి కుదిరితే చాలదు, రంగు కూడా కుదరాలి. దానికి పగటి వెలుగు కావాలి. ట్యూబ్‌లైటు కింద నలుపూ ముదురు నీలమూ కవల పిల్లల్లా ఉంటాయి. మొన్నామధ్య ఒక నీలం కోటుకి నేను నల్లదారం వేశాను. కోటు ఇచ్చినాయన దాన్ని ఎండలోకి తీసుకెళ్లి, తిరిగి లోపలికి తీసుకొచ్చాడు.

"ఇంకోసారి ఇలా అయితే సూది ముట్టుకోనివ్వను, మడతలు పెట్టే బల్ల దగ్గరికి పంపిస్తాను," అంది యజమానురాలు.

దుకాణానికి కిటికీ ఒక్కటే. దాని పక్క కుర్చీలో ఏళ్లుగా కూర్చున్న పెద్దామె పని మానేసింది. ఆ కుర్చీ దొరికితే నా సూది నా చేతిలో ఉంటుంది. అయితే వదినకీ అదే కుర్చీ కావాలి. సాయంత్రమయ్యేసరికి ఆమె కణతలు నొక్కుకోవడం రోజూ చూస్తూనే ఉన్నాను.

"మీరిద్దరూ ఒక ఇంటివాళ్లు. మీలో మీరు తేల్చుకోండి, పంచాయితీ నా దాకా తేకండి," అని యజమానురాలు తప్పుకుంది.

"తేల్చుకోవడానికి పలక ఉందిగా," అన్నాడు మా దుకాణంలో ఇస్త్రీ చేసే పెద్దాయన. తన ఇస్త్రీ బల్ల కిందినుంచి చదరంగం పలక తీశాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వదినా ఆయనా దాని మీదే ఆడుకుంటారు. "శనివారం ఒక్క ఆట. గెలిచినవాళ్లది కిటికీ."

వదిన వెంటనే సరేనంది.

నాకు తోచింది ఇది: వయసు చూసినా, అనుభవం చూసినా ఆ కుర్చీ ఆమెదే. కాదనేవాళ్లు లేరు. ఊరికే వచ్చేదాన్ని తీసుకెళ్లి పందెంలో ఎందుకు పెట్టింది? ఆటలో గెలిచి తీసుకుంటే రేపు ఇంట్లో నేను మూతి ముడవడానికి వీలుండదనా? నాకు మాత్రం పోయేదేముంది. ఊరి బడిలో మాస్టారు పావులు ఎలా నడుస్తాయో నేర్పించారు. అంతకుమించి తెలియదు. నేనూ సరేనన్నాను.

ఆ సాయంత్రమే మామయ్య నన్ను గదిలోకి పిలిచాడు.

"అమ్మాయ్, ఆట మొదలుపెట్టడం ఒక్కటి నేర్చుకో. అన్నీ నేర్చుకోవాలని చూడకు. ఒకే మొదలు, తెల్లపావులకైనా నల్లపావులకైనా అదే."

"మీరెందుకు నేర్పుతారు మామయ్యా?"

"దానికి నేర్పింది నేనే. దాని ఆట నాకు తెలియదా?"

అదే నేనూ అనుకుంటున్నానని పైకి అనలేదు.

పలక దుకాణంలోనే ఉంది. ఉన్నా ఆయనకి కనబడదు. అందుకని గాలిలోనే చెప్పాడు. "రాజు ముందున్న బంటుని రెండు గళ్లు తొయ్యి. గుర్రాన్ని మధ్యకి దింపు. తర్వాత ఏనుగుని బయటికి తీసుకురా. ఆపైన రాజుకి కోట కట్టు. మంత్రి జోలికి పోకు. అంతే."

బంటు, గుర్రం, ఏనుగు, కోట. వినడానికి బాగానే ఉంది. పడుకున్నాక లెక్క వేసుకుంటే ఏనుగు దగ్గర నడక ఆగిపోయింది. మాస్టారు మాకు చెప్పిన ఏనుగు పలక మూలన ఉంటుంది. తిన్నగా నడుస్తుంది. కోట కట్టాలంటే, అంటే రాజుని పక్కకి జరిపి దాని చాటున దాచాలంటే, అది మూలనే ఉండాలి. బయటికి తీసుకొచ్చేశాక కోట ఎక్కడిది?

మర్నాడు కాఫీ ఇస్తూ అదే అడిగాను. "ఏనుగు బయటికొస్తే కోట ఎలా కడతాం మామయ్యా?"

ఆయన నవ్వాడు. "ఏనుగు బయటికొస్తేనే కదమ్మా కోటకి దారి."

ఇస్త్రీ పెద్దాయనని కూడా అడిగి చూశాను, ఎవరు చెప్పారో చెప్పకుండా. ఆయన ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని నా వంక జాలిగా చూశాడు.

"మొదట్లోనే ఏనుగుని బయటికి తీస్తావా? తొండం నువ్వే కోసి వాళ్ల చేతిలో పెట్టినట్టు. ఎవడు చెప్పాడో గానీ వాడు నీ మంచి కోరేవాడు కాదు."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేనేమో అనుకున్నాను.

అన్నయ్యకి ఇవేమీ పట్టవు. చెప్పులు వేసుకుంటూ సలహా పారేసి వెళ్లాడు. "కోటలూ పేటలూ ఎందుకే. మంత్రిని మీదికి వదులు. నాలుగు ఎత్తుల్లో ఆట కట్టు. నీ వదిన నోరెళ్లబెడుతుంది."

"నువ్వు ఎప్పుడైనా ఆమె మీద గెలిచావా?"

"నా సంగతి వేరు," అన్నాడు.

శుక్రవారం ఉదయం గదిలోకి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగాను. వదిన వాళ్ల నాన్నకి కంట్లో చుక్కల మందు వేస్తోంది.

"ఎత్తు చెప్పావా నాన్నా?"

"చెప్పాను."

"వింటుందా?"

"వింటుంది. నమ్మదు."

"నమ్మకపోతే మొత్తం పాడవుతుంది."

నా కాలు తగిలి తలుపు కదిలింది. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నారు.

"ఏంటొదినా?"

"ఏం లేదు. మందు చేదుగా ఉందట."

కంట్లో వేసుకున్న మందు చేదని ఎలా తెలిసిందో నాకు అంతుపట్టలేదు. ఎత్తు అన్న మాట మాత్రం రోజంతా సూదితో పాటే తిరిగింది. పలక మీద వేసేదీ ఎత్తే, మనిషి మీద వేసేదీ ఎత్తే. వాళ్లు మాట్లాడుకుంది ఏ ఎత్తు గురించి? సాయంత్రానికి నిర్ణయించుకున్నాను. ఓడితే ఓడతాను గానీ, మామయ్య మొదలు మాత్రం వేయను. అన్నయ్య చెప్పినట్టు మంత్రిని మీదికి వదులుతాను.

శనివారం భోజనాలయ్యాక ఇస్త్రీ బల్ల మీద దుప్పటి తీసేసి పలక పరిచారు. నెత్తిమీద ట్యూబ్‌లైటు. ఇస్త్రీ పెద్దాయన గుప్పిళ్లు చాపితే వదినకి తెల్లబంటు వచ్చింది. ఆమె రాజు ముందున్న బంటుని రెండు గళ్లు తోసింది. నేనూ అంతే చేశాను. అక్కడిదాకా మామయ్య చెప్పిందీ అన్నయ్య చెప్పిందీ ఒకటే.

వదిన రాజు పక్కన ఏటవాలుగా నడిచే పావుని పట్టుకుని నా వైపు దూరంగా పెట్టింది.

"ఏనుగు దిగింది," అంది.

నేను అప్పటికే మంత్రి మీదికి చేయి చాపాను.

"ఏనుగేంటమ్మా, శకటం గదా," అన్నాడు పెద్దాయన.

"మా ఇంట్లో ఇదే ఏనుగు పెద్దయ్యా. మూలన ఉండేది శకటం. నాన్న నోట అలాగే విన్నాను. బండి తిన్నగా పోతుంది గానీ ఏటవాలుగా పోతుందా?"

"ఏనుగు మాత్రం ఏటవాలుగా పోతుందా?"

"దానిష్టం. ఏనుగు గదా."

నా చేయి మంత్రికి తగలకుండానే ఆగిపోయింది. మామయ్య ఏనుగు మూలన ఉండేది కాదు. రాజు పక్కన నిలబడి కోటకి అడ్డంగా ఉండేది. అది కదిలితేనే రాజుకి దారి. ఆయన నాకు చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. ఆయన ఇంటి మాటని నేను మా బడి మాటతో విన్నాను.

చేయి వెనక్కి తీసుకుని గుర్రాన్ని మధ్యకి దింపాను. తర్వాత ఏనుగుని, వాళ్ల ఏనుగుని, బయటికి తీశాను. కోట కట్టాను. వదిన ఒకసారి తల ఎత్తి చూసింది.

అప్పుడు కొత్త అనుమానం పట్టుకుంది. ఇస్త్రీ పెద్దాయనతో ఆమె ఎన్నో మధ్యాహ్నాలు ఆడింది. నేను పక్కనే కూర్చుని బొత్తాలు కుట్టుకుంటూ విన్నాను. ఏ రోజూ దాన్ని ఏనుగు అనలేదు. అందరిలాగే శకటం అనేది. అసలు ఆడేటప్పుడు నోరే విప్పని మనిషి.

ఆట చాలాసేపు సాగింది. నా బంట్లు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. వదిన ఒక చేత్తో కణత నొక్కుకుంటూ మంత్రిని ముందుకి జరిపింది. సరిగ్గా నా ఏనుగు నడిచే ఏటవాలు దారిలో పెట్టింది. వల ఎక్కడుందోనని నేను పలకంతా వెతికాను. ఏ మూలా కనబడలేదు. చివరికి తీసుకున్నాను. ఆ తర్వాత ఆట కట్టడానికి నాలాంటిదానికి కూడా పెద్ద తెలివి అక్కరలేకపోయింది.

"ఏంటమ్మా, మంత్రిని పళ్లెంలో పెట్టిచ్చావు," అన్నాడు పెద్దాయన.

"ఈ లైటు కింద కనబడలేదు పెద్దయ్యా," అంది వదిన. లేచి, కిటికీ పక్క కుర్చీని తన కొంగుతో తుడిచి నా వైపు తిప్పింది.

ఇంటికొచ్చి మామయ్యకి గెలిచానని చెప్పాను. ఆయన తల ఊపాడు.

"మంత్రిని ఏ ఎత్తులో ఇచ్చింది?"

నేను మంత్రి మాటే ఎత్తలేదు. ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"వదిన కావాలనే వదిలేసిందా?"

"నాకేం తెలుసు. కళ్లు కనబడనివాణ్ణి." నల్లకళ్లద్దాలు సర్దుకున్నాడు. "అది చిన్నప్పుడు ఓడిపోతే అన్నం తినేది కాదు. అందుకని అప్పుడప్పుడు నా మంత్రిని వదిలేసేవాణ్ణి. తన బలం మీద గెలిచినవేవో, నేను వదిలినవేవో ఇప్పటికీ దానికి తెలియదు. ఇప్పటికీ అడుగుతుంది. నేను చెప్పను."

సోమవారం కిటికీ దగ్గర కూర్చుని దారాలు వెలుగుకి పట్టి చూశాను. ఎన్నాళ్లుగానో నలుపనుకున్నది నీలం. మధ్యాహ్నం భోజనాలవగానే నేనే పలక తెచ్చి వదిన ముందు పెట్టాను.

"మళ్లీనా? పందెం ఏంటి?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికేనా," అంది. నా మొహంలోకి ఒకసారి చూసింది.

అదే బంటు, అదే గుర్రం, అదే ఏనుగు, అదే కోట. అదే ట్యూబ్‌లైటు. నా టీ చల్లారకముందే ఆట అయిపోయింది. నా రాజు తను కట్టుకున్న కోటలోనే ఊపిరాడక చచ్చాడు. ఈసారి ఆమె మంత్రి ఏ దారిలోనూ అడ్డంగా నిలబడలేదు. కణతలూ నొక్కుకోలేదు.

"మరి శనివారం?" అన్నాను.

వదిన పావులు సంచిలో వేస్తోంది. "అది ఆ రోజు ఎత్తు. ఇది ఈ రోజు ఎత్తు," అంది.

నేను ఆమె బల్ల మీదున్న నల్లకోటునీ, దాని పక్కనున్న దారం కండెనీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాను. వెలుగుకి పట్టి చూశాను.

"ఈ దారం నీలం వదినా. ఇటు రా, చూపిస్తాను."

"నిజంగానా, లేక నన్ను అక్కడ కూర్చోబెట్టడానికా?" అంది ఆమె, లేవకుండానే.