జేబులోని చక్రం

చెన్నై పురసవాక్కంలో పెద్ద బట్టలంగళ్ళ వెనక ఒక సందు ఉంది. ఒక వరస ఇళ్ళను చుట్టుకొని, బయల్దేరిన చోటికే వచ్చి చేరుతుంది. దీపాలు పెట్టే వేళకు ఆ సందు తనంతట తానే సర్దుకుంటుంది. ఆకుకూరల బండి గోడకు ఆనుకుంటుంది. వాకిట్లో బట్టలు కుట్టే సెలీనా మిషన్‌ను లోపలికి లాక్కుంటుంది. స్కూటర్ మీద వచ్చేవాడు దిగి, ఓరగా నిలబడి, సెల్లు చూసుకుంటూ కాచుకుంటాడు. అప్పుడు సతీష్ వస్తాడు.

సతీష్ పోయి చాలా ఏళ్ళయింది. శ్రీపెరుంబుదూరు వైపు రేసు ట్రాకులో, ఆఖరి రౌండులో, వానకు తడిసిన మలుపులో పోయాడు. పోయినవాడు ఊరికే ఉన్నాడా? కర్మ ముగిసిన మర్నాటి నుంచే సందులో రౌండ్లు మొదలుపెట్టాడు. కారూ కనబడదు, మనిషీ కనబడడు. ఇంజను గోల, పెట్రోలు వాసన, టైర్ల కీచుమోత, వాటి వెనకే కొంగులెగరేసే గాలి. ఆకుకూరలావిడ కొత్తిమీర కట్టల మీద తడి గోనె కప్పి "పో నాయనా, మెల్లగా పో" అంటుంది. అంతే.

అతణ్ణి ఆపగలిగిన మనిషి ఒక్కతే, భార్య మృణాళిని. రేసుల్లో డ్రైవరుకు కనబడేటట్టు పలక ఎత్తి పడతారు చూడండి, అట్లాంటి పలక మీద 'లోపలికి రా' అని రాసుకొని, బడి నుంచి వచ్చి మొహమైనా కడుక్కోకుండా గేటు దగ్గర నిలబడుతుంది. అది చూశాడంటే గోల తగ్గి, గేటు దగ్గరే ఆరిపోతుంది. ఇంకెవరు పట్టినా ఆగడు. ఒకసారి ఆమె తమ్ముడి పెళ్ళికని చిత్తూరు పోతే, బావగారు, అంటే సతీష్ అన్న గురుప్రసాద్, చేతులు పడిపోయేదాకా పలక పట్టుకున్నాడు. సతీష్ తెల్లారేదాకా తిరుగుతానే ఉన్నాడు. సందంతా ఎర్రకళ్ళేసుకొని ఆఫీసులకు పోయింది. అప్పటి నుంచి మృణాళిని ఏ ఊరికీ పోలేదు.

నిజం చెప్పాలంటే గురుప్రసాద్‌కు ఇందులో కష్టమేమీ కనబడలేదు. పోయిన తమ్ముడు రోజూ ఇంటికొచ్చే భాగ్యం ఎంతమంది అన్నలకుంది? జార్జి టౌన్‌లో సరుకుల ఏజెంటు ఆఫీసు నుంచి రాగానే కాఫీ లోటాతో మేడ మీది వరండాలో కూర్చుంటాడు. "గేరు లేటుగా మార్చినాడు చూడు, దొంగ వెధవ" అని భార్య హైమకు చెప్పి మురిసిపోతాడు.

ఇట్లా ఉండగా బాలకృష్ణన్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కోయంబత్తూరులో మోటారు పంపుల అంగడి. భార్య పోయిన మనిషి, మనవాళ్ళే. మృణాళిని లెక్కలు చెప్పే బడిలో బోరు పంపు బిగించడానికి వచ్చాడు. ఆ తర్వాత పంపు చెడిపోకపోయినా వచ్చాడు.

"అన్నగారూ, నాకు చుట్టు తిప్పి మాట్లాడేది రాదు. మృణాళినిగారిని చేసుకోవాలని ఉండాది. ఆమెనడిగితే నవ్వినారు. నవ్వి, సాయంకాలం గేటు కాడ ఉండాల, అంతదూరం ఎట్ల వచ్చేది అన్నారు. దసరా కాంగానే ఏదో ఒకటి చెప్పండి."

"చూస్తాం లెండి" అన్నాడు గురుప్రసాద్. చూడలేదు. మృణాళిని కూడా అడగలేదు. పలక తుడవడం, రాయడం, పట్టుకోవడం. అంతే.

ఆ వారమే, ఆఫీసు పక్క బొమ్మల అంగడి నాగప్పన్ ఒక అట్టపెట్టె గురుప్రసాద్ చేతిలో పెట్టాడు. "సార్, మీ తంబి కారు మాదిరే ఉందని ఎత్తిపెట్టినా." రేసు కారు కిట్టు. ప్లాస్టిక్ చట్రాలకు కాయల్లాగా వేలాడే ముక్కలు. కత్తిరించి, నున్నగా రుద్ది, అతికించుకోవాలి. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఓడలూ విమానాలూ అతికించినవాళ్ళే. తమ్ముడికి తొందర, అన్నకు నిదానం. రెక్క ఆరకముందే విమానం ఎగరేసి విరగ్గొట్టేవాడు సతీష్.

గురుప్రసాద్ వరండాలో పాత పేపరు పరిచి కూర్చున్నాడు. ముందు సీటు. గరుకు ఉప్పుకాగితంతో అంచులు రుద్ది, జిగురు చుక్క పెట్టి, ఊపిరి బిగబట్టి అతికించాడు. ఆ సాయంకాలం సందులో ఇంజను గోల వచ్చింది, గాలి వచ్చింది, పెట్రోలు వాసన మాత్రం రాలేదు.

"ఏమండీ, ఈపొద్దు వాసన రాలేదే?" అంది హైమ.

"ఈడుండాది" అన్నాడు గురుప్రసాద్, బొమ్మ సీటు దగ్గర ముక్కు పెట్టి.

హైమ వచ్చి వాసన చూసి, "అవును. కిటికీ తెరిచిపెట్టండి, తలనొప్పొస్తాది" అని వంటింట్లోకి పోయింది.

ఇంజను అతికించిన రోజు సందులో గోల పోయింది. డబ్బాలో చిక్కుకున్న తుమ్మెదలాగా బొమ్మలోనే గుయ్‌మంటూ కూర్చుంది. రంగు వేసి, నీళ్ళలో నానబెట్టిన నంబరు స్టిక్కరును కాగితం మీద నుంచి మెల్లగా జార్చి ముక్కు మీద అతికిస్తే, ఆ రోజు గేటు దగ్గర మృణాళినికి గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఆ గాలి కూడా పలుచబడింది.

గురుప్రసాద్ చెయ్యి అప్పుడాగింది. మూడు చక్రాలు బిగించాడు. నాలుగోదీ పెట్టేస్తే సందులో తమ్ముడు మిగలడు. అర్థమయిపోయింది. చక్రాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. మర్నాడు చొక్కా మార్చినప్పుడు అది కూడా జేబు మారింది.

"అయిపోయిందా బావగారూ కారు?" అంది మృణాళిని, అన్నం వడ్డిస్తూ.

"ఏమైతాదమ్మా, ఒక చక్రం తక్కువొచ్చింది పెట్టెలో. నాగప్పన్‌ను అడగాల."

ఆమె చారు పోసింది.

ఆయుధపూజ వచ్చింది. హైమకు ఆ పండగంటే ప్రాణం. ఇంట్లో కోసేది, తిరిగేది, తిప్పేది ఏదీ వదలదు. గ్రైండరు, మిక్సీ, స్కూటరు, కత్తిపీట, మృణాళిని కాంపాసు పెట్టె, మొగుడి కత్తెరలూ జిగురు ట్యూబూ, అన్నిటికీ చందనం, కుంకుమ. ఆ వరసలో బొమ్మ కారునూ తెచ్చిపెట్టింది. చక్రం లేని మూలకు అగ్గిపెట్టె ఆనించింది. బండికైతే నిమ్మకాయలు తొక్కించాలి. వేలెడంత బండికి నిమ్మకాయలెక్కడివి? వత్తకొళంబు పులుసులోకని తెచ్చిన బఠాణీగింజంత పచ్చి సుండక్కాయలు మూడు తీసి మూడు చక్రాల కింద పెట్టింది. హారతిచ్చి, బొరుగులు చల్లి, "శుభంగా పోయి శుభంగా రా" అని ముందుకు ఒక తోపు తోసింది. కాయలు చిట్లాయి. కారు అగ్గిపెట్టె మీద నుంచి జారి, ఒక మూల నేలకు తగిలింది.

గురుప్రసాద్ అప్పటికి స్నానాల గదిలో ఉన్నాడు. బయటికొచ్చి చూసి, తడి తలతోనే కారు దగ్గర వంగాడు.

"ఏందే ఇది? పూర్తికాని బండికి ప్రయాణం పెడతారా ఎవరన్నా?"

"నాకేం తెలుసండీ? చక్రం రాలేదంటిరి. పండగ పూట పూజ లేకుండా మూల పడేయమంటారా?"

సాయంకాలమైంది. ఆకుకూరల బండి గోడకు ఆనుకుంది. సెలీనా మిషన్ లోపలికి పోయింది. సతీష్ వచ్చాడు.

ఇనపరేకును బండరాయి మీద ఈడ్చినట్టుంది ఆ చప్పుడు. నిలిచి నిలిచి వస్తోంది. మలుపు దగ్గర తూలి, గోడకు గీసుకొని, సున్నం రాలగొట్టి, మళ్ళీ ఈడ్చుకుంటూ వచ్చింది. మృణాళిని పలక ఎత్తింది. చప్పుడు ఆమెను దాటిపోయింది. ఆమె పలక ఇంకా పైకెత్తింది. మళ్ళీ దాటిపోయింది. పూజ చేసి సాగనంపిన బండి, ఎవరు రమ్మంటే వస్తుంది?

"అన్నే, ఎన్న అన్నే, ఏందిది?" సెలీనా వాకిట్లో నుంచి కేకేసింది. "పాపం, కుంటతా ఉండాడే తంబి!"

వరండాలో గురుప్రసాద్ కాఫీ లోటా కింద పెట్టేశాడు. ఆ చప్పుడు ఒక్కో రౌండుకూ అతని పళ్ళ మీద గీరుకుంటూ పోతోంది. చిన్నప్పుడు మేకు గుచ్చుకున్న కాలితో ఆ సందంతా కుంటుతూ వచ్చి, "అన్నా, అమ్మకు చెప్పొద్దురా" అని బతిమాలిన సతీష్ మొహం కళ్ళ ముందు ఆడింది. మెట్లు దిగి గేటు దగ్గరికి పోయాడు.

"ఆగేటట్టు లేడు బావగారూ" అంది మృణాళిని. పలక పట్టిన చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "ఆ చక్రం పెట్టేయండి."

"చక్రం..."

"మీ జేబులో ఉండాది. చొక్కాలు ఉతికేది నేనే కదా. తీసి, ఉతికి, మళ్ళీ జేబులోనే వేస్తా ఉండాను."

గురుప్రసాద్ తల వంచుకున్నాడు. "మరి ఒక్కసారి కూడా అడగలేదే అమ్మా?"

"మీకు తమ్ముడు కదా" అంది ఆమె. ఆ మాట అంటున్నప్పుడే చప్పుడు మళ్ళీ వాళ్ళిద్దరి మధ్య నుంచి ఈడ్చుకుంటూ పోయింది. "నేను అలిసిపోయినాను బావగారూ. ఆయన కూడా."

అతను లోపలికి నడిచాడు. దేవుడి గదిలో పూజకు పెట్టిన పనిముట్లు మర్నాడు పొద్దున మళ్ళీ హారతి ఇచ్చేదాకా ముట్టుకోకూడదు. ఆ ఇంట్లో తాతల నాడు కూడా ఎవరూ ముట్టుకున్నది లేదు. గురుప్రసాద్ జిగురు ట్యూబు మీద చెయ్యి వేసి, హైమ వైపు చూశాడు.

"తీసుకోండి" అంది హైమ. "అమ్మవారు అడిగితే నేను చెప్పుకుంటాను."

చక్రం ఇరుసుకు అతికించి, ఆరేదాకా బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. వేలి కింద అది పిట్ట గుండెలాగా కొట్టుకుంటోంది. తొందరపడుతోంది. "ఉండరా, ఆరనీ" అన్నాడు. "ఒక్కసారన్నా ఆరనీ." కళ్ళు తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీ లేదు. హైమే కొంగుతో తుడిచింది. నాలుగో చక్రం కింద ఒక సుండక్కాయ పెట్టి, వేలు తీశాడు.

కాయ చిట్లింది. కారు గడప దిగింది, మెట్లు దిగింది, గేటు కింద నుంచి దూరి సందులో పడింది. ఆ వెంటనే గోల, వాసన, కీచుమోత, గాలి, అన్నీ ఒక్కటై లేచాయి. ఆకుకూరలావిడ గోనె ఎగిరిపోయింది. సందు మొత్తం ఒక రౌండు, ఎక్కడా తూలకుండా, మలుపులో కూడా తగ్గకుండా.

"ఆఖరి రౌండు!" అని అరిచాడు గురుప్రసాద్. "రేసు ముగిసిందని గళ్ళ జెండా ఊపాల! గళ్ళ జెండా!"

మృణాళిని పలక కింద పడేసి అటూ ఇటూ చూసింది. తీగ మీద బావగారి గళ్ళ లుంగీ ఆరుతోంది. దాన్ని లాగి, రెండు చేతులా ఎత్తి, నవ్వుతూ ఏడుస్తూ ఊపింది. గోల ఆమె ముందు నుంచి పోయింది. సందు మలుపు దగ్గర ఈసారి తిరగలేదు. తిన్నగా బజారు రోడ్డు మీదికి పోయింది. అక్కడ పండగ జనం మామూలుగా రెండు పాయలుగా విడిపోయి దారిచ్చారు. తర్వాత కలిసిపోయారు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు మృణాళిని కుర్చీలోనే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకొని, చిన్నపిల్లలాగా. హైమ లైటు కూడా వేయలేదు. ఫోను మోగింది. గురుప్రసాద్ గబగబా ఎత్తి, వరండాలోకి పోయి గొంతు తగ్గించాడు.

"ఆ, బాలకృష్ణన్‌గారా? లేదండీ, ఆమె పడుకుని ఉంది. లేపను. రేపు మీతో ఆమే మాట్లాడతాది." కింద చీకటి పడుతున్న సందు ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంది. అతను ఆ నిశ్శబ్దాన్ని కొంచెంసేపు విన్నాడు. "మీరు కారులోనే రండి. ఇంటి ముందు నిలుపుకునేదానికి ఇప్పుడు చోటుంది."