సూరమ్మ బుగ్గ

కొత్తపేటలో విగ్రహం చేయించుకునేవాళ్ళకి ‘మట్టి చూడ్డం’ అని ఒక రోజు ఉంటుంది. శిల్పి ముందు బంకమట్టితో మనిషిని నిలబెడతాడు. ఇంటివాళ్ళు వచ్చి చూసి ఔనంటేనే దాని మీద అచ్చు తీసి పోత పోస్తారు. అచ్చు తీసేటప్పుడు మట్టిబొమ్మ ముక్కలైపోతుంది కాబట్టి ఏ మార్పు చెప్పాలన్నా ఆ రోజే చెప్పాలి. ముఖం సంగతి మగవాళ్ళు చూస్తారు. చీర కుచ్చిళ్ళూ గాజులూ ఆడవాళ్ళు చూస్తారు. ఎవరూ పెట్టిన పద్ధతి కాదు, అలా జరిగిపోతూ ఉంటుంది.

ఆ పని మీదే నాగదుర్గ, భర్త హరిబాబుతో కలిసి మలికిపురం నుంచి కారులో బయల్దేరింది. విగ్రహం ఆమె అత్తగారు సూరమ్మది. అరుగు మీద కూర్చుని చిన్న రైతుల దగ్గర కొబ్బరికాయలు కొని, ఏరి, అమ్మి, ఇద్దరు కొడుకుల్ని ఒక దారిన పెట్టిన మనిషి. పెద్దవాడు హరిబాబు ఆ అరుగునే కొబ్బరి కొట్టుగా పెంచాడు. చిన్నవాడు నాగసతీష్ కువైట్‌లో ఉంటాడు. అమ్మ బొమ్మ కొట్టు ముందు, రోడ్డు మీదికి కనిపించేలా పెడదామన్నది అతనే.

దారి పొడుగునా విగ్రహాలే. రాజోలు, తాటిపాక, అంబాజీపేట, ఏ సెంటరు చూసినా ఒక నాయకుడో, ఒక సంఘం పెద్దో. ఈ మధ్య ఇళ్ళ ముందూ తోటల్లోనూ అమ్మానాన్నలు కూడా వెలుస్తున్నారు. వాటిని పరకాయించి చూడడం నాగదుర్గకి డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ బస్సులో అబ్బిన అలవాటు. బంగారు రంగు పూసినవంటే ఆమెకి గిట్టదు. మనిషి నూనె రాసుకుని ఎండలో నిలబడ్డట్టుంటుంది. చేతుల మీద ఇంకో ఫిర్యాదు. ఎవరివైనా ఒకేలా, మెత్తగా, పని ఎరగనట్టు ఉంటాయి.

“మళ్ళీ మార్కులేస్తున్నావా?” అన్నాడు హరిబాబు స్టీరింగు తిప్పుతూ. “మా అమ్మకి మాత్రం నూటికి నూరు వెయ్యాలి, ముందే చెప్తున్నాను.”

“వేసేలా ఉంటే వేస్తానండి.”

“అదుగో. ఆవిడున్నప్పుడూ ఇంతే. కూరలో ఉప్పు సరిపోయిందని ఇద్దరిలో ఒక్కరూ ఒప్పుకున్న పాపాన పోలేదు.”

శిల్పి సింహాద్రి షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. లోపల గోడకి ప్లాస్టరు చేతులు జతలు జతలుగా వేలాడుతున్నాయి.

“చేతులు అందరికీ ఇవేనా అండీ?” అంది నాగదుర్గ.

“ఆయ్, అవేనండి. మొహం ఒక్కటే మనిషిదండి. చేతులెవరు చూస్తారమ్మా?”

ఆ చేతుల కింద గోడకి ఆనించి నిలువెత్తు పెయింటింగు ఒకటి ఉంది. బూడిద రంగు, ఇటుక రంగు, అక్కడక్కడ తెల్లని గీతలు. అందులో ఒక స్త్రీ అటు తిరిగి కూర్చుని ఉంది. ముడి, మెడ, వీపు మీద బిగుసుకున్న రవిక, అంతే. ముఖం లేదు. నాగదుర్గ దాని ముందు ఆగిపోయింది.

“మొహం వెయ్యడం రాక అటు తిప్పేసేరేంటండీ?” అని హరిబాబు నవ్వాడు.

“మా అమ్మాయి శాంతి వేసిందండి. వైజాగులో బొమ్మల చదువే చదువుతుంది. మా అమ్మటండి ఆవిడ. నేనూ మీలాగే అడిగేను. ‘నాన్నమ్మని నేను చూళ్ళేదు కదా, తెలీని మొహం ఎలా వెయ్యను నాన్నా’ అందండి. దానికా వీలుంది. రోడ్డు మీద నిలబెట్టే బొమ్మకి కుదురుతుందాండీ?” అంటూ సింహాద్రి షెడ్డు మధ్యలో ఉన్న బొమ్మ మీది తడిగోనె తీశాడు.

హరిబాబు ఒక్క అడుగు వేసి ఆగాడు. తర్వాత వంగి ఆ మట్టిపాదాలు ముట్టుకున్నాడు. లేచేసరికి కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఫోను తీసి తమ్ముడికి వీడియో కలిపాడు. నాగసతీష్ ఎక్కడో పెద్ద మరల మధ్య నిలబడి ఉన్నాడు. బొమ్మ కనిపించగానే తల మీది హెల్మెట్ తీసేశాడు.

“అమ్మే, అన్నయ్యా. ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉంది” అన్నాడు. ఆ వెంటనే ఫోను పెట్టేశాడు.

నాగదుర్గ మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది. బొమ్మ ఫొటోలో ఉన్నట్టే ఉంది. అదే ఆమెని భయపెట్టింది.

ఆ ఫొటో సూరమ్మ పోయాక తీసింది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ ఫొటోకి చిక్కలేదు. పెళ్ళిళ్ళ గుంపులో ఎక్కడైనా పడినా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల పక్కకి తిప్పేసేది. ఆధార్ కార్డులో ఉన్నది ఒక నల్లని మచ్చ. చివరిరోజున స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, దవడకి కట్టిన గుడ్డ ఒక్క నిమిషం విప్పి స్టూడియో అతనిచేత ఫొటో తీయించారు. తర్వాత అతను కంప్యూటర్లో కళ్ళు తెరిపించి, ముక్కులో దూది తుడిచేసి, బొట్టు దిద్ది ఇచ్చాడు. ఆ చుట్టుపక్కల చాలామంది చేసేదే. దండ వేసి హాల్లో పెట్టారు. విమానం దొరక్క రాలేకపోయిన నాగసతీష్‌కి అదే పంపారు. రోజూ దీపం పెడుతూ చూసి చూసి, ఆ ఫొటో ఎప్పుడు తీసిందో అందరూ మరిచిపోయారు. సింహాద్రికి ఇచ్చేటప్పుడు హరిబాబుకీ గుర్తు రాలేదు, నాగదుర్గకీ రాలేదు. గోడ మీద చదునుగా ఉన్నంతకాలం సరిపోయింది. ఇప్పుడు మట్టిలో చుట్టూ తిరిగి చూసేలా నిలబడేసరికి, వెనక్కి జారిన బుగ్గలూ బలవంతాన మూసిన పెదవులూ కనిపిస్తున్నాయి. ఆ దవడకి గుడ్డ కట్టింది తనే.

“చీర చెప్పండమ్మా. కుచ్చిళ్ళు సరిపోయాయా?” అన్నాడు సింహాద్రి.

“చీర ఇంకాస్త పైకి కట్టేవారండి, మడమలు కనిపించేలా.” ఆగి మళ్ళీ అంది. “ముఖం కూడా చెప్పాలండి. ఇది బతికున్న మనిషి ముఖం కాదు.”

హరిబాబు తల తిప్పాడు. “ఏం మాటలవి? మా అమ్మ మొహం నాకు తెలీదా?”

“తెలుసండి. కానీ ఆ ఫొటో ఎప్పుడు తీయించేం?”

అతను బొమ్మ దవడ వంక చూశాడు. షెడ్డు బయట ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

“ఆ మాట నాకెవరూ చెప్పలేదండి” అన్నాడు సింహాద్రి నెమ్మదిగా.

“దాచలేదండి. మర్చిపోయేం” అన్నాడు హరిబాబు. స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

“సరే, ఎలా ఉండేవారో చెప్పండమ్మా. మట్టి ఇంకా మెత్తగానే ఉంది.”

నాగదుర్గ కళ్ళు మూసుకుంది. దండ వేసిన ఫొటో వచ్చింది. దాన్ని పక్కకి నెట్టి, అరుగు మీద కాయలు చెవి దగ్గర ఆడించి చూస్తున్న మనిషిని తెచ్చుకుంది. కాయలు వచ్చాయి, ముడి వచ్చింది, చెయ్యి వచ్చింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఫొటోయే. అందరి బొమ్మలకీ వంకలు పెట్టే తనకి, ఒకే ఇంట్లో అన్నేళ్ళు కలిసి బతికిన మనిషి ముఖం గుర్తు రావడం లేదు. కుడిచేతి చూపుడువేలు బొటనవేలికి రాసుకుంటోందని ఆమె చూసుకుంది. ఆ వేలికి తెలిసిందేదో ఉంది.

“పొగాకు” అంది. “ఎడమ బుగ్గన ఎప్పుడూ పొగాకు ముక్క ఉండేదండి. స్నానం చేయించే ముందు నేనే వేలు పెట్టి తీసేను. అది ఉంటేనే ఆవిడ ముఖం.”

“రోడ్డు మీద మా అమ్మ పొగాకు నముల్తా నిలబడాలా?” హరిబాబు లేచాడు. “కొట్టుకొచ్చినవాళ్ళు నవ్వరూ?”

“ఆవిణ్ణి చూసి నవ్వినవాళ్ళెవరండీ, ఎప్పుడైనా?”

సింహాద్రి ఇద్దరి ముఖాలూ చూసి, చిటికెడు మట్టి తీసుకుని ఎడమ బుగ్గ మీద అద్దాడు. బొటనవేలితో సర్దాడు. దాంతో పెదవి కొస కాస్త పైకి లేచింది. దవడ బిగువు సడలింది. మనిషి ఏదో కసురుకోబోతున్నట్టు అయింది.

హరిబాబు ఈసారి ఏడవలేదు. అతని చెయ్యి చొక్కా పైగుండీ దగ్గరకి వెళ్ళి, తెరిచి ఉన్నదాన్ని పెట్టేసింది. సూరమ్మ ఎదురుపడినప్పుడల్లా అతను అలాగే పెట్టుకునేవాడు. చేసిన సంగతి అతనికి తెలిసినట్టు లేదు.

మళ్ళీ తమ్ముడికి ఫోను కలిపారు.

“ఇదెవరు వదినా?” అన్నాడు నాగసతీష్.

“మీ అమ్మే, సతీష్ బాబూ. పొగాకు ఉండేది కదా, బుగ్గన.”

అతను చాలాసేపు చూశాడు. “నాకు గుర్తు లేదు. ఫొటోలోలాగే చెయ్యమనండి. చివరిచూపుకీ రాలేదు కదా నేను. రోజూ చూసుకునేది ఆ మొహాన్నే. దాన్నీ తీసేస్తే నాకేం మిగుల్తుంది వదినా?”

హరిబాబు ఫోను తీసుకుని, “రాత్రికి మాట్లాడతాన్రా” అని పెట్టేశాడు. బొమ్మ వంక చూడకుండానే అన్నాడు, “బుగ్గ ఉంచండి.”

“ఉంచుతానండి. మరి కళ్ళండి?”

ఇద్దరూ అతని వంక చూశారు.

“పోయాక తీసిన ఫొటోలో కళ్ళు స్టూడియో వాళ్ళు పెట్టినవే కదండి. ఎవరివో ఏమో. రెండ్రోజులు తడిగోనె కప్పి ఆపగలను. తరవాత బీటలిచ్చేస్తుందండి. ఎలా ఉండేవో ఫోన్ చేసి చెప్పండమ్మా.”

తిరుగుదారిలో నాగదుర్గ విగ్రహాలకి మార్కులు వెయ్యలేదు. వాటి కళ్ళే చూసింది. ఈ పెద్దాయన ఫొటో ఏ పూట తీశారో, ఆ తల్లి చూపు ఎవరు గుర్తు తెచ్చుకున్నారో అనుకుంటూ కూర్చుంది. మొట్టమొదటిసారి ఆ బొమ్మలు చేయించుకున్నవాళ్ళ మీద జాలి వేసింది.

ఇంట్లో రెండురోజులూ సూరమ్మ కళ్ళ కోసమే వెతికింది. వెతికేకొద్దీ ఒకటే తేలింది. ఆవిడ కళ్ళలోకి తను ఎన్నడూ సూటిగా చూడలేదు. కొత్తలో భయం. తర్వాత పంతం. ఆ తర్వాత అలవాటు. కంచం పెట్టేటప్పుడు చేతిని చూసేది, తల దువ్వేటప్పుడు జుట్టుని చూసేది. హరిబాబుని అడిగితే, “కళ్ళంటే... అమ్మ కళ్ళే” అని కొట్టులోకి వెళ్ళిపోయాడు. నాగసతీష్ ఫోను ఎత్తడం లేదు.

గడువు రోజు సింహాద్రే ఫోన్ చేశాడు. “ఏమ్మా, కళ్ళు?”

నాగదుర్గ హాల్లో ఫొటో ముందు నిలబడి ఉంది. “రెప్పలు కొంచెం కిందికి దించండి” అంది. “ఆవిడ మనుషుల్ని పూర్తిగా చూసేవారు కాదండి. చేతిలో కాయ వంకే చూసేవారు.”

“ఆయ్, బాగుంటుందమ్మా. అలాగే చేసేస్తాను” అన్నాడు అతను సంతోషంగా.

ఫోను పెట్టేశాక ఆమె అక్కడే ఉండిపోయింది. చూపు తప్పించింది ఆవిడా, తనా? చెప్పేటప్పుడు తడుముకోకుండా చెప్పింది. ఇప్పుడేమో తెలియడం లేదు. స్టూడియో అతను కూడా ఇలాగే, ఇంటివాళ్ళు అడుగుతున్నారని, ఏదో ఒక జత కళ్ళు తెచ్చి పెట్టి ఉంటాడు. కొన్నాళ్ళకి కొట్టు ముందు ఆ బొమ్మ నిలబడుతుంది. రోడ్డున పోయేవాళ్ళు సూరమ్మ అలాగే చూసేదనుకుంటారు. రోజూ చూసి చూసి తనూ అదే నమ్ముతుంది.

కొట్టులోంచి హరిబాబు కేకేశాడు, “ఏం చెప్పేవు దుర్గా?”

ఆమె దీపం ఒత్తి సర్దుతూ, ఫొటో వంక తలెత్తకుండా, “చెప్పేనండి” అంది.