ఖాళీ చోట బొట్టు

లక్ష్మణ్‌కు తాగుడు లేదు, పేకాట లేదు. ఏదో ఒకటి ఉంటే అమ్మగారింటికి వెళ్ళినప్పుడు చెప్పుకోవడానికైనా పనికొచ్చేదని భార్య కోమల బాధ. ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించాలి. బండి అంటే సరే. మిక్సీ కూడా సరే అనుకుంది. వాషింగ్ మెషీన్‌ను ట్రాలీ ఆటోలో కొండెక్కించిన రోజు మాత్రం దారి పొడుగునా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు ఆమె కోసం కొన్న ల్యాప్‌టాప్ వంతు.

పూజారి మూత మీద ఒక బొట్టు పెట్టి ఊరుకున్నాడు. అత్త శంకరవ్వ ఊరుకోలేదు. ఇంటికి రాగానే మూత తెరిపించి మీటలన్నీ చూసి, వాటి కింద నున్నగా ఉన్న నల్లటి పలక దగ్గర ఆగింది.

"అన్నిట్ల అక్షరాలున్నయి. గీ జాగ ఒక్కటే ఉత్తగున్నదేంది? బొట్టు లేని మొకం లెక్క!"

అనడమే ఆలస్యం, నూనెలో కలిపిన అంజన్న సింధూరం ఆ పలక మీద అద్దేసింది.

"అయ్యో అత్తమ్మా! అది వేలు పెట్టి రుద్దేది. మౌస్ పని చేస్తది" అంటూ కోమల కర్చీఫుతో తుడిచింది.

"దేవుని బొట్టు తుడుస్తరా?" అంది శంకరవ్వ. ఆ రోజంతా మళ్ళీ మాట్లాడలేదు.

కోమలకు అలక తీర్చే తీరిక లేదు. రిటైరైన పరశురాములు సార్ తన ఊరి చరిత్రను నోటు పుస్తకాల నిండా రాసిపెట్టాడు. శనివారానికల్లా ఇరవై పేజీలు తప్పుల్లేకుండా టైపు చేసిస్తే పుస్తకమంతా ఆమెకే ఇస్తానన్నాడు. లేకపోతే కరీంనగర్‌లో ఇంకెవరికో. పెళ్ళయిన పదేళ్ళకు తనకంటూ దొరికిన మొదటి పని అది.

ఇంట్లో ఇదివరకున్న పాత కంప్యూటర్ మీటలు ఎత్తుగా ఉండేవి, వేళ్ళు చూడకుండానే దిగేవి. ఈ కొత్త మీటలు అప్పడాల్లా పల్చగా ఉన్నాయి, నొక్కితే నొక్కినట్టే తెలియదు. బొటనవేలు పలకకు తగిలిందా, రాత ఎగిరి పై పేజీలో పడేది. ఊరి కరువు మధ్యలోకి సార్ మేనమామ పెళ్ళి వచ్చి కూర్చునేది. రెండు రోజులు తంటాలు పడి, మణికట్లు గాలిలో నిలిపి టైపు చేయడం నేర్చుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. వీధిలోని సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. పొద్దంతా దడదడలాడే మరమగ్గాలు ఆగితే సిరిసిల్లలో పుట్టే నిశ్శబ్దం చెవుల్లో గుచ్చుకుంటుంది. కోమల చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, టైపు చేసిన పేజీ చదువుకుంటోంది.

తెర మీది బాణం కదిలింది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, మగ్గంలో నాడె ఉరికినట్టు ఉరికింది. తర్వాత మెల్లగా పైమూలకు ఎక్కి ఆగింది. పని మూసేయాలా అని తెర అడిగింది.

మూయించడమంటే ఆ ఇంట్లో కోమలకు ఒక్కరే గుర్తొస్తారు. ఆరేళ్ళ కింద ఇక్కడి కాలేజీ వాళ్ళు కంప్యూటర్ ల్యాబులో పనికి రమ్మంటే, మామ సిద్దిరాములుకు ఇష్టం లేదని అత్త వచ్చి చెప్పింది. కోమల ఎదురు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆయనతో చాయ్ తాగుతావా అన్న మాట తప్ప మరో మాటా మాట్లాడలేదు. ఆమె టైపు చేసుకుంటుంటే ఆయన వచ్చి కుర్చీ వెనక నిలబడేవాడు. కాపలా అనుకుని ఆమె తెరను గోడ వైపు తిప్పుకునేది. నలభై ఏళ్ళు సాంచాలు నడిపిన మనిషి, పోయిన వానకాలం సాంచా పక్కనే కూలిపోయాడు.

"మామా, బతికున్నప్పుడు మూయించినవ్. ఇప్పుడు గూడానా?" అంది, భయాన్ని వేళాకోళంలో చుట్టి.

వెనక గ్లాసు పడిన చప్పుడు. గుమ్మంలో శంకరవ్వ, కాళ్ళ మీద చాయ్ ఒలికినా కదలకుండా తెర వైపే చూస్తోంది.

"నీక్కూడ కనవడ్డదా?" అంది.

మర్నాడు పొద్దున కోమల నల్లా దగ్గర బిందె నింపుకుని లోపలికొస్తే, శంకరవ్వ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. పలక మీద సింధూరం అద్దింది. కోడలికి తెలియకూడదని కొంగుతో తుడిచింది. చేతులు జోడించింది.

"జర ఊకో. పిల్లను పని చేసుకోనీ. నేనే చెప్త. ఇయ్యాల గాకుంటే రేపు చెప్త."

"ఏం చెప్తవ్ అత్తమ్మా?"

శంకరవ్వ ఉలిక్కిపడింది. "ఏం లే."

"రోజూ పెడుతున్నవా బొట్టు?"

"నువ్వు తుడిచినవ్ గదా. అరిష్టమని పెడుతున్న."

కోమల పలక మీద వేలు రాసి చూసింది. నూనె జిడ్డు. దయ్యం ఎక్కడుందో తెలిసి ఆమెకు నవ్వొచ్చింది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, టైపు చేసిన పేజీ తెరిచి చేతులు రెండూ పైకెత్తింది. బాణం పెట్టినచోటే ఉంది. అయిదు నిమిషాలైనా కదల్లేదు.

"చూసినవా? జిడ్డుంటే వేలు పెట్టిన్రనుకుంటది. మామ కాదు, మన అంజన్న నూనె."

"ఆయన కాదా?" అంది శంకరవ్వ, భారం దిగినట్టు. "నిజంగనే కాదా?" అంటూ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది.

అప్పుడే కరెంటు పోయింది. సాంచాలు ఆగాయి. కోమల చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. తుడిచిన పలక అద్దంలా మెరుస్తోంది.

బాణం ఎడమ అంచు నుంచి కుడి అంచుకు ఒక్కసారి ఉరికి, ఆగింది.

ఇద్దరూ చూశారు. శంకరవ్వ లేచినదల్లా మళ్ళీ కూర్చుంది. ఆమె కళ్ళు కోడలి మీద లేవు, తెర మీదే ఉన్నాయి.

"చెప్తున్న, చెప్తున్న" అంది తెరతో. తర్వాత కోమల వైపు తిరిగింది. "మీ మామ వద్దనలే బిడ్డా. ఆయనకు ఇష్టం లేదని నీకు జెప్పిన. నువ్వే పోనన్నవని ఆయనకు జెప్పిన. నువ్వు పోతే ఇల్లెవలు జూస్తరని బుగులైంది నాకు. ఎనక నిలవడి మీటల మీద నీ ఏళ్ళు ఉరుకుడు జూసి మురిసెటోడు. పిల్ల ఎందుకు పోలేదే అని సచ్చేదాంక అడిగిండు."

వీధి ఇంకా నిశ్శబ్దంగానే ఉంది.

"ఆయనది ఏం లేదు. తప్పు నాదే కోమలా. నేనే తప్పు జేసిన."