పదకొండు పళ్లు

ఆ చలికాలమంతా టెఫోని తిట్టుకోకుండా మొసియువా ఒక్క సంకటి ముద్ద మింగలేదు. టెఫో పరాయివాడు కాదు, పెళ్లాం తమ్ముడు. వాడు కావాలని ముంచి ఉంటే ఇంతగా కడుపు మండేది కాదు. మోసగాడికి కనీసం ఒక ఎత్తు ఉంటుంది, దాని కోసం వాడూ నిద్ర మానుకుంటాడు, వాడూ చెమటోడుస్తాడు. టెఫోకి ఏ ఎత్తూ లేదు. కింద తారురోడ్డు మీద ఎవరో నవ్వారట. అంతే. అంతమాత్రానికి ఒక మనిషి పొలం పోయింది.

మొసియువా నాలుగో తరగతిలో బడి మానేసి గొర్రెలు కాశాడు. తర్వాత సరిహద్దు అవతల బంగారు గనిలో, భూమి కడుపులో తిరిగే చిన్న రైలింజన్లు బాగుచేసే పనిలో వయసంతా పోగొట్టుకున్నాడు. గని అతని ఎడమ మోకాలు ఉంచేసుకుని మనిషిని ఇంటికి పంపింది. హా రాఫోలో అనే ఊళ్లో రేకుల షెడ్డు వేసుకుని పిండిమర ఇంజన్లూ, ఉన్ని కత్తిరించే మిషన్లూ బాగుచేసేవాడు. దాంతో ఉప్పూ కిరోసినూ వచ్చేవి. తిండి మాత్రం ఏటి ఒడ్డు పొలం పెట్టేది. రాళ్లు తప్ప ఏమీ మొలవని ఆ కొండల్లో నల్లమట్టి పొలాలు వేళ్ల మీద లెక్క. అందులో ఒకటి వాళ్ల నాన్నకి ఊరిని ఏలిన పాత చీఫ్ ఇచ్చింది.

ఏటి పక్కన క్లినిక్ ఉంది. కనుమ దాటాక పైన ఒక చిన్న ఆరోగ్య కేంద్రం ఉంది. మధ్యలో మందులూ రక్తం సీసాలూ మోయడానికి ఒక బండీ మనిషీ కావాలని క్లినిక్ నర్సు చాటించింది. దారి అంటే గుర్రాలు తొక్కగా పడిన గాడి. ఒక పక్క బండ, ఒక పక్క లోయ, మధ్యలో గుర్రం పొట్ట పట్టేంత సందు. పరీక్ష కూడా నర్సే పెట్టింది. పెట్టెలో ఆరు కోడిగుడ్లు పెట్టి ఇస్తుంది, ఒక్కటీ పగలకుండా పైకి చేర్చాలి. చేర్చినవాడికి నెల జీతం మీద పని.

కనుమల్లో రేసుకని వచ్చి ఎవరో సరిహద్దు అవతలి పెద్ద రైతు కొడుకు విరగ్గొట్టుకుని వదిలేసిన నూట పాతిక సీసీ టూ స్ట్రోక్ బండి ఒకటి పట్నంలో అమ్మకానికి ఉందని మొసియువాకి తెలిసింది. తొమ్మిది వేల మలోటీ చెప్పారు. అతని దగ్గర తొమ్మిది వందలు లేవు. ఎద్దులమ్మిన డబ్బు టెఫో దగ్గర ఉంది. ఇద్దరూ చీఫ్ వాకిట్లో కూర్చున్నారు.

"డబ్బు నేను పెడతా బావా, బండి నువ్వు చెయ్యి. నీ మోకాలితో నువ్వెలాగూ తోలలేవు, తోలేది నేను," అన్నాడు టెఫో. "పని దొరికితే జీతంలోంచి నా డబ్బు నెలనెలా తీర్చు. దొరక్కపోతే?"

"దొరుకుతుంది."

"దొరక్కపోతే అంటున్నా."

"దొరక్కపోతే ఏటి పొలం నువ్వే దున్నుకోరా! ఇక నోరు ముయ్యి."

మొగుడు పోయాక చీఫ్ గద్దె మీద కూర్చున్న, ఊరంతా అమ్మా అన్నట్టు 'మ్మే' అని పిలిచే మాలెబానా కంబళి సవరించుకుని, "విన్నారుగా అందరూ?" అంది. వాకిట్లో ఉన్నవాళ్లు విన్నామన్నారు.

ఇంటికొచ్చాక మొసియువాకి ఒక అనుమానం తొలిచింది. "ఓడిపోతే లాభం వాడికే కదే. బండి వాడి చేతికే ఇస్తున్నాను," అన్నాడు పెళ్లాంతో.

మాపులెంగ్ గరిటె దించి చూసింది. "నా తమ్ముడికి షోకులున్నాయి గానీ దొంగబుద్ధి లేదు. మా అమ్మ అలా పెంచలేదు."

ఆ మాట నిజమే. ఇప్పటికీ అదే అతన్ని కాలుస్తోంది.

బండి వచ్చాక మొసియువా షెడ్డులోంచి కదల్లేదు. అది రేసు బండి, దాని బలమంతా పై గొంతులో ఉంది. మెల్లగా పోనిస్తే దగ్గి చచ్చేది. యాక్సిలరేటర్ కాస్త తిప్పితే తోక తొక్కిన పిల్లిలా ఎగిరేది. దాని మీద గుడ్లు కాదు గదా ఇనపగుండ్లు మోసినా పగిలేలా ఉన్నాయి. ముందు గొలుసు తిప్పే చిన్న పళ్లచక్రానికి, స్ప్రాకెట్‌కి, పదమూడు పళ్లుంటే తీసేసి పదకొండు పళ్లది వేశాడు. వెనక చక్రానికి ఇంకా పెద్దది దొరికించి వేశాడు. ఇలా చేస్తే రోడ్డు మీద పరువు పోతుంది, కొండ మీద బండి నిలుస్తుంది. గని పైపు ముక్కని తరిగి ఒక బరువైన కడియం చేసి మాగ్నెట్ చక్రానికి బిగించాడు. దాంతో ఇంజనుకి కంగారు తగ్గింది. మనిషి నడక కన్నా మెల్లగా పోనిచ్చినా ఆగకుండా, ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడేలా లాగడం నేర్చుకుంది.

చివరికి మిగిలింది కార్బురేటర్. ఆ ఎత్తులో గాలి పలచన. పట్నంలో తాగినంత పెట్రోలు ఇక్కడ తాగితే ఇంజనుకి ఉక్కిరిబిక్కిరే. పెట్రోలు వదిలే బెజ్జం, జెట్, చిన్నది వేశాడు, సూది ఒక గాటు దించాడు. ఊరి కుర్రాడెవరి చేతనో కనుమ మొదలు దాకా తోలించి, ప్లగ్గు విప్పి చూసేవాడు. నల్లగా తడిగా ఉంటే మళ్లీ విప్పడం, తెల్లగా ఉంటే మళ్లీ బిగించడం. ప్లగ్గు మూతి రొట్టె పెంకు రంగుకి తిరిగిన రోజున స్పానర్లు కడిగి పెట్టాడు.

మొదటిసారి ఎక్కి తోలిన టెఫో దిగుతూనే మూతి ముడిచాడు. "ఇది బండా బావా, కుట్టుమిషనా?"

"కుట్టుమిషనే. కొండకి కుట్టు వెయ్యాలి నువ్వు. నీకు గుడ్లు కావాలా, గోల కావాలా?"

"మా నాయనమ్మ దీనికన్నా జోరుగా నడుస్తుంది."

"మీ నాయనమ్మ చేతికి కూడా పెట్టె ఇస్తామన్నారేమో కనుక్కో పో."

ఎగతాళి ఎంత చేసినా టెఫో ఆ వారంలో మూడుసార్లు కనుమ ఎక్కాడు, ఒక్కసారి కూడా కాలు కింద పెట్టలేదు. మూడో మలుపు దగ్గర గుర్రాలే మొరాయించే మెట్టుబండ ఉంటుంది. బండి దాని మీదకి ముసలి ఎద్దులా నింపాదిగా ఎక్కిపోయింది. అది చూసిన రోజు మొసియువా ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు. మాపులెంగ్ ఏమిటా ఈల అని బయటికొచ్చి మరీ చూసింది.

పరీక్ష దగ్గర పడ్డాక పెట్రోల్లో కలిపే ఆయిల్ అడుగంటింది. బండి మీదే మసేరు పట్నం పోయి తెస్తానన్నాడు టెఫో. మొసియువాకి ఇష్టం లేదు. కానీ ఆయిల్ లేకపోతే పరీక్షే లేదు. "తారు మీద మెల్లగా పో. కింద గాలి చిక్కన, ఈ జెట్‌తో గట్టిగా తోలితే ఇంజను కాలిపోతుంది. విన్నావా? ఎవరు దాటిపోతే దాటిపోనీ."

"విన్నా బావా, విన్నా."

ఆ తర్వాత వాడి జాడ లేదు.

పరీక్ష నాడు పొద్దున క్లినిక్ ముందు ఊరంతా కంబళ్లు కప్పుకుని నిలబడింది. పక్క ఊరి నుంచి ఒకతను గుర్రంతో వచ్చాడు. నర్సు గుడ్ల పెట్టె పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. అప్పుడు ఏటి అవతల బండి చప్పుడు వినబడింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మొసియువా మాత్రం చెవి అటు పెట్టి విన్నాడు.

గొంతు మారింది.

తన బండి టక్ టక్ టక్ మని రావాలి. ఇది కందిరీగలా వస్తోంది. కడియం లేదు దాని మీద. ఏరు దాటి టెఫో నవ్వుతూ ఆగాడు, కొత్త నల్ల కళ్లద్దాలతో. పొగగొట్టం చివర నల్లగా జిడ్డు కారుతోంది.

"ఏం చేశావురా దానికి?"

"ఏం లేదు బావా, పట్నంలో మా వాడొకడు కాస్త సర్దాడు. ఇప్పుడు చూడు దాని పరుగు."

"దిగు. దిగు కిందికి! అమ్మా, ఆపండి, బండి విప్పి చూడాలి!"

"ఇప్పుడేం విప్పుతారు న్తాటే, పెట్టె కట్టేశాం," అంది నర్సు, అయ్యా అన్న మర్యాద మాత్రం తప్పకుండా. మొసియువా కుంటుకుంటూ హ్యాండిల్ పట్టుకోబోయాడు. టెఫో గట్టిగా తిప్పాడు. వెనక చక్రం కంకర చిమ్మింది, అది మొసియువా మొహాన కొట్టింది. జనం ఘొల్లున నవ్వారు.

టెఫో మొదటి మలుపు తిరిగాడు. రెండోది క్లచ్ సగం పట్టి ఈడ్చాడు. మెట్టుబండ దగ్గరికి వచ్చేసరికి పదమూడు పళ్ల బండికి మెల్లగా పోవడం చేతకాలేదు, పెద్ద జెట్ ముందే గొంతులో పెట్రోలు నింపేసింది. ఒకసారి తుమ్మింది. టెఫో మంట పుట్టేలా తిప్పాడు. బండి ముందు చక్రం ఎత్తి గాల్లో నిలబడి, వెనక్కి పడింది. టెఫో బండ మీదకి దూకి బయటపడ్డాడు. కాలిన క్లచ్ వాసన కింద క్లినిక్ దాకా వచ్చింది. పెట్టె తెరిస్తే లోపల పసుపుపచ్చ ముద్ద.

"గుర్రమే నయం," అని నర్సు పక్క ఊరివాణ్ణి పిలిచింది. గుర్రం మెట్టుబండ దగ్గర కాసేపు మొరాయించింది గానీ, చివరికి ఎక్కింది. గుడ్లు ఆరూ బతికాయి.

మర్నాడు మొసియువా బండిని చీఫ్ వాకిట్లోకి తోసుకొచ్చి, స్ప్రాకెట్ మూత విప్పి నేల మీద కొట్టాడు.

"లెక్కపెట్టండి మ్మే! పదమూడు. నేను వేసింది పదకొండు. వీడు మార్పించాడు. జెట్ మార్పించాడు. నా కడియం పీకేయించాడు. ఎక్కలేకపోయింది నా బండి కాదు!"

మాలెబానా వంగి, వేలు పెట్టి పళ్లు లెక్కపెట్టింది. "రెండు పళ్లేగా తేడా?"

"రెండు పళ్లే! ఆ రెండు పళ్ల మీదే ఉంది కొండంతా!"

గోడవార కూర్చున్న ముసలి రాంత్సో బోసినోరు తెరిచి చూపించాడు. "నాకున్నవే నాలుగు. నేనూ ఎక్కుతున్నాగా కనుమ!" వాకిలి వాకిలంతా నవ్వింది. నవ్వనిది మొసియువా ఒక్కడే. తన జీవితంలో చేసిన ఒకే ఒక్క గొప్ప పని గురించి చెప్పుకుంటుంటే ఇంతమంది పళ్లు ఇకిలిస్తున్నారు. రాంత్సో ఆ నాలుగూ రాలగొడదామన్నంత కోపం వచ్చింది.

"ఎందుకు మార్చావురా?" అని అడిగింది మాలెబానా.

టెఫో టోపీ తీసి తల గోక్కున్నాడు. "తారు మీద మినీబస్సులవాళ్లు నవ్వారు మ్మే. ఒక గాడిదబండి కూడా నన్ను దాటిపోయింది. దాంట్లో ఆడపిల్లలు కూడా ఉన్నారు. బావ ఎప్పుడూ అలాగే మెల్లమెల్లగా అంటాడు, కాస్త జోరు పెడితే ఇంకా బాగా ఎక్కుతుందనుకున్నా."

"కడియం ఏదిరా?"

"అక్కడే పారేశాం బావా. ఇనప ముక్కేగా."

మొసియువా వాడి మీదకి దూకాడు. నలుగురు పట్టుకుని ఆపారు. మాలెబానా కర్రతో నేల మీద కొట్టింది.

"వీడు బుద్ధి తక్కువ పని చేశాడు, అది నాకూ తెలుస్తోంది. కానీ నువ్వన్నది ఏమిటి మొసియువా? పని దొరక్కపోతే పొలం దున్నుకో అన్నావు. స్ప్రాకెట్ మారితే తప్ప, అని అనలేదు. బండి వీడి చేతికిచ్చింది ఎవరు? నువ్వు. పట్నం పంపింది ఎవరు? నువ్వు. మాట మాటే."

ఆ రాత్రి మాపులెంగ్ తమ్ముడి తరఫునా మాట్లాడలేదు, మొగుడి తరఫునా మాట్లాడలేదు. సంకటి గిన్నె ముందు పెట్టి, "వాడు దొంగ కాదన్నాను. తెలివైనవాడని చెప్పలేదు," అంది. అతను గిన్నె అవతలికి నెట్టేశాడు.

పదకొండు పళ్ల స్ప్రాకెట్టూ చిన్న జెట్టూ టెఫో సంచీలోనే దొరికాయి. మొసియువా కొత్త కడియం తరిగాడు, క్లచ్ పలకలు మార్చాడు, ప్లగ్గు రంగు మళ్లీ రొట్టె పెంకుకి తెచ్చాడు. ఎందుకు చేస్తున్నావని అడిగిన ప్రతివాణ్ణీ షెడ్డులోంచి బయటికి తోశాడు. తయారయ్యాక, సొంత కోళ్లు పెట్టిన ఆరు గుడ్లు పెట్టెలో సర్ది, చెడ్డ మోకాలికి గుడ్డ చుట్టుకుని తనే ఎక్కాడు.

మొదటి మలుపులోనే మోకాలు ప్రాణం తీసింది. బండి మాత్రం అతన్ని ఏమీ అడగలేదు. మెట్టుబండ మీదకి ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. నొప్పికి మొసియువా అరుస్తూనే ఉన్నాడు, టెఫోని, నర్సుని, రాంత్సోని, చీఫ్‌ని, అందర్నీ పేరుపేరునా తిడుతూనే ఉన్నాడు. కింద ఇంజను టక్ టక్ టక్ మంటూ తన పని తను చేసుకుపోయింది. పైన ఆరోగ్య కేంద్రం కాపలావాడు తలుపు తీసి, "ఇవాళ పరీక్ష లేదే న్తాటే?" అన్నాడు.

"గుడ్లు చూడు. చూశావా? పగిలాయా?"

"లేదు."

"అదీ," అని బండి వెనక్కి తిప్పాడు.

సాయంత్రం తిన్నగా చీఫ్ వాకిట్లోకి తోలుకొచ్చి పెట్టె మూత తెరిచాడు. ఆరు గుడ్లూ ఆరు గుడ్లలాగే ఉన్నాయి. మాలెబానా ఒక గుడ్డు తీసి అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ పెట్టింది. "బాగా చేశావు మొసియువా. ఎవరూ కాదనరు. కానీ ఆ రోజు ఎక్కలేదు కదయ్యా."

విత్తనాల మాట మాట్లాడటానికి వచ్చిన టెఫో అక్కడే జొన్నసారా కుండ ముందు కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి పెట్టెలోంచి ఒక గుడ్డు తీసుకున్నాడు. రాతికి టక్కున కొట్టి, తల వెనక్కి వాల్చి, నోట్లో ఒంపుకున్నాడు. మూతి తుడుచుకుని మనస్ఫూర్తిగా, ఏ కల్మషమూ లేకుండా నవ్వాడు.

"మంచి గుడ్డు బావా. ఏం బండి చేశావయ్యా నువ్వు!"

మొసియువా వాడి మీదకి ఒక అడుగు వేశాడు. కొట్టడానికి కూడా వాడిలో శత్రువు దొరకలేదు. మిగిలిన ఐదు గుడ్లూ ఒక్కొక్కటే తీసి గోడకేసి కొట్టి, బండి అక్కడే వదిలేసి, కుంటుకుంటూ ఏటి వైపు నడిచాడు. టెఫో కొత్తగా కొన్న ఎద్దులు అప్పటికే చాళ్లు తీసేశాయి. ఏటి మలుపు దగ్గరి రాతి గట్టు నుంచి పశువుల బాట దాకా, రెండు పీచ్ పళ్ల చెట్లతో సహా, నల్లమట్టి మూడెకరాల పావు.