పనసకర్ర విమానం

సోములు విమానం పొట్టను వేలి కణుపుతో తట్టి చూశాడు. మోగింది. మోగకూడదు.

బొబ్బిలిలో నలభై ఏళ్లుగా వీణలు చెక్కిన చెయ్యి అది. ఈ పదేళ్లూ మాత్రం సన్మానాల్లో ఇచ్చే జానెడు బొమ్మ వీణలే చెక్కుతోంది. వాటికి పొట్ట తొలవక్కర్లేదు, అవి మోగక్కర్లేదు. అద్దాల బీరువాలో కూర్చుంటే చాలు. చాన్నాళ్లకి మూరెడు పనసకర్ర చేతికి దొరికేసరికి, ఉలి ఏం చేస్తోందో చూసుకోకుండా విమానం పొట్టనీ వీణ కుండలాగే తొలిచేశాడు.

కూర్మారావు అడిగింది గుల్ల లేని గట్టి విమానం. ఎచ్చెర్ల రైతుబిడ్డ ఆయన. డెబ్బై ఒకటి యుద్ధంలో నాట్ అనే చిన్న యుద్ధవిమానానికి మెకానిక్కు. తాను సరిచూసి పంపిన విమానం ఒకటి తిరిగి రాలేదు. ఎక్కడ తన పొరపాటు ఉందోనని అప్పటినుంచీ కుములుతూనే ఉన్నాడు. ఇప్పుడు చూపు పోయింది, దాని ఫొటో కనబడదు. అడుగుకి అర అంగుళం లెక్కన కొలతలన్నీ నోటితోనే చెప్పి, "సేత్తో సూస్తానురా" అన్నాడు. ఆయన నెల రోజులు బతకడం కష్టమని డాక్టర్లు అన్నారని ఆయన కూతురు నీలవేణి చాటుగా చెప్పింది.

మళ్లీ చేద్దామంటే ఎండిన కర్ర లేదు. సోములు పలచటి పలకతో పొట్ట మూసి, పాలిష్ పెట్టి, తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాడు. దారంతా దొంగసొత్తు పట్టుకున్నవాడిలా కూర్చున్నాడు.

కూర్మారావు మంచం మీదే దాన్ని ఒళ్లో పెట్టుకుని ముక్కు, రెక్కలు, తోక తడిమాడు. పొట్ట కింద కణుపుతో తట్టాడు. చెయ్యి ఆగిపోయింది.

"తప్పైపోనాది బాబూ. అలవాటు సెయ్యి, తొలిసీసినాది," అన్నాడు సోములు.

ముసలాయన విమానాన్ని చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తట్టాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఎగిరే ముందల ఇలాగే తట్టీవోణ్ణిరా. రేకు వదులైతే సప్పుడు మారిపోతాది. ఆ రోజు మారనేదు. ఇన్నేళ్లూ నాకది గురుతు రానేదు."

సోములు తువ్వాలు మడతపెట్టుకున్నాడు. తన చేతిపని మోగి ఎన్నాళ్లయిందో అతనికీ గుర్తులేదు.

ఇరవై రోజులకి కూర్మారావు నిద్రలోనే పోయాడని కబురొచ్చింది. సోములు పెద్దకర్మకి వెళ్లాడు. నాన్న రోజూ దాన్ని తట్టి వినేవాడని, ఆ తర్వాత ప్రశాంతంగా పడుకునేవాడని నీలవేణి చెప్పింది. సోములు విమానాన్ని తిరగేసి చూశాడు. మళ్లీ పాలిష్ పెడదామనుకుని, ఊరుకున్నాడు.

చుట్టిపెట్టిన పరుపు మీద విమానం వెల్లకిలా పడి ఉంది. పొట్ట మీద కణుపంత మేర పాలిష్ పోయి, పనసకర్ర పసుపు బయటపడింది.