ఏయ్ అంటే ఎవరు సారూ?

అచ్చంపేట ఊరి బయట భాగ్యలక్ష్మి గారి పల్లికాయ మిల్లులో పద్నాలుగు మంది ఆడవాళ్లు గింజలు ఏరేవారు. మిషను పొట్టు తీసి పడేసిన గింజల్లో దొడ్డువి ఒక పక్కకు, సన్నవి ఒక పక్కకు, పుచ్చువి ఇంకో పక్కకు తీయడం వాళ్ల పని. వాళ్ల మీద సూపర్‌వైజరు అమరేందర్. పని తెలిసిన మనిషి. నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపి తేమ ఎంతుందో చెప్పేవాడు. మిషను ఆగితే మెకానిక్ కోసం చూడకుండా తనే చొక్కా విప్పి దాని కిందికి దూరేవాడు. వచ్చిన చిక్కల్లా ఆయన నోటితోనే.

ఆయన నోట్లో పద్నాలుగు మందికీ ఒకటే పేరు. "ఏయ్!" ఇంకొంచెం వివరంగా చెప్పాల్సి వస్తే "ఏయ్, పచ్చచీరా!" లేదంటే "ఏయ్, ముసలీ!" మూడేళ్లుగా ఇదే వరస. అందరూ వినీ విననట్టు ఊరుకున్నారు, గోవిందమ్మ సంగతి జరిగేదాకా.

గోవిందమ్మ వెనక గోడ వారన కూర్చుని, తన పనేదో తాను చేసుకుపోయే మనిషి. ఒకరోజు సరుకు ఎత్తడానికి లారీ వచ్చింది. అమరేందర్ ఆమె చాటలోని మంచి గింజలు నేల మీద ఒంపి చూస్తే అందులో పది పుచ్చువి కనబడ్డాయి.

"ఏయ్, పుచ్చుగింజా! కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా?" అన్నాడు.

లారీవాళ్లు పగలబడి నవ్వారు. లారీ గేటు దాటేదాకా వాళ్లలో ఒకడు ఆ మాటే అంటూ పోయాడు. గోవిందమ్మ తల ఎత్తలేదు. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పారు గానీ ఆమె డబ్బా మూత తీయలేదు.

పద్నాలుగు మందిలోనూ పెద్దది బీరమ్మ. ఆ డబ్బా వంక చూసి ఆమె చేతిలోని ముద్ద కింద పెట్టేసింది.

"గిట్ల ఊకుంటే రేపు మనకు గూడ గిసుంటి పేరే పెడతడు. పోయి అడుగుదాం పాండ్రి."

"అడిగితే ఏమంటడు బీరమ్మత్తా? ఇష్టముంటే చెయ్యి, లేకుంటే పో అంటడు," అంది జీనత్. ఇంటర్ దాకా చదివింది కాబట్టి గింజలు ఏరడంతో పాటు హాజరు పుస్తకం కూడా ఆమే రాసేది. కాసేపు ఆలోచించి, మెల్లగా నవ్వింది. "అడుగుడెందుకు? సారు చెప్పినట్టే చేద్దాం. ఏయ్ అంటే ఎవరు? మనమందరం. పిలిస్తే అందరం పోదాం."

మర్నాడు పొద్దున పది గంటలకు అమరేందర్ తూకం కాటా దగ్గర నిలబడి కేకేశాడు. "ఏయ్, ఇట్ల రా!"

పద్నాలుగు చాటలు ఒక్కసారే కిందికి దిగాయి. పద్నాలుగు మందీ కొంగులు దులుపుకుని, వరసగా నడిచి వచ్చి ఆయన ముందు నిలబడ్డారు.

"ఏందిది? అందరెందుకొచ్చిన్రు?"

"మీరే పిలిచిన్రు గద సారూ," అంది బీరమ్మ.

"నేను పిలిచింది ఒక్కదాన్ని!"

"ఏ ఒక్కదాన్ని సారూ? ఏయ్ అంటే ఎవరు?"

అమరేందర్ పళ్లు కొరుక్కున్నాడు. "పోండ్రి, పోయి పని చూసుకోండ్రి." వాళ్లు బుద్ధిగా వెళ్లి కూర్చున్నారు. పావుగంటకు మళ్లీ మరిచిపోయి పిలిచాడు. మళ్లీ పద్నాలుగు మందీ వచ్చారు. మధ్యాహ్నం లోపల అలా అయిదుసార్లు అయింది. ఆరోసారి ఆయన తెలివి చేసి "ఏయ్, నీలంచీరా!" అన్నాడు. ఆ పూట నీలం చీర కట్టుకున్నది ఒక్క గోవిందమ్మే. ఆమె ఒక్కతే లేచి వెళ్లింది. అమరేందర్ గెలిచినట్టు మీసం దువ్వుకున్నాడు.

తెల్లారి మిల్లు గేటు తెరిచేసరికి ఆయనకు కళ్లు తిరిగాయి. పద్నాలుగు మందీ నీలమే. బీరమ్మది కోడలి చీర, అంచు పొట్టై మడమల పైకి తేలింది. ఒకామె పక్కింట్లో అడిగి తెచ్చిన పట్టుచీర కట్టుకుని పల్లీల ముందు పెళ్లికొచ్చినట్టు కూర్చుంది. జీనత్ నీలం చున్నీ తల మీదుగా కప్పుకుని హాజరు పుస్తకంలో అతి శ్రద్ధగా గీతలు గీస్తోంది.

"ఏయ్, ముసలీ! ఇది నీ పనేనా?" అని అరిచాడు అమరేందర్.

బీరమ్మ ఇటూ అటూ చూసింది. లేచి వెళ్లి బస్తాల వెనక వెతికింది. "ముసలామె ఎవరో వచ్చిందట, సారు పిలుస్తుండు. ఎవరన్న చూసిన్రా?" అని అందరినీ అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. గోవిందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు కనబడడం అప్పుడే.

ఆ సాయంత్రం భాగ్యలక్ష్మి గారు మహబూబ్‌నగర్ నుంచి ఒక సేటును వెంటబెట్టుకుని వచ్చింది. దొడ్డుగింజ నమూనా చూపించాలి. అందరిలోకీ దొడ్డుగింజ బాగా ఏరేది గోవిందమ్మే అని అమరేందర్‌కు తెలుసు. ఆ తొందరలో ఆయన నోరు పాత దారినే పోయింది.

"ఏయ్, చాట పట్టుకొని రా!"

పద్నాలుగు చాటలు వచ్చాయి. సేటు చుట్టూ గుండ్రంగా నిలబడ్డాయి. ఆయన వెనక్కి జరిగి జరిగి ఒక బస్తా మీద కూలబడ్డాడు.

"ఏందమ్మా ఇది?" అని భాగ్యలక్ష్మి గారు అడిగింది.

"సారు పిలిచిండు, వచ్చినం," అంది బీరమ్మ.

"నీకెవరు గావాలె అమరేందర్?"

"ఆమెనే మేడం... గోడ పక్కకు కూసుంటది... ఆమె."

"ఆమెకు పేరు లేదా?"

అమరేందర్ చెవులు ఎర్రబడ్డాయి. మూడేళ్లు. రోజూ చూసే మనిషి. పేరు కోసం వెతికితే ఆయనకు ఆ రోజు తను అన్న మాట తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు.

బీరమ్మ అక్కడితో ఆగలేదు. "అమ్మా, మీకన్న ఎరుకేనా మా పేర్లు?"

భాగ్యలక్ష్మి గారు తడుముకోకుండా మొదలుపెట్టింది. బీరమ్మ, జీనత్, ఇంకో ఇద్దరు. అయిదో మనిషి దగ్గర "లీలమ్మ" అంది. "లీలమ్మ పని మానేసి రెండేండ్లాయె అమ్మా," అని ఆ అయిదో మనిషే చెప్పింది. సేటు బస్తా మీద కూర్చునే కిసుక్కున నవ్వాడు. భాగ్యలక్ష్మి గారు ఆయన వైపు చూడకుండా, "నాకూ ఎరుకలేదు. ఇద్దరం నేర్చుకుందాం అమరేందర్," అంది.

మర్నాడు పొద్దున్నే అమరేందర్ హాజరు పుస్తకం అడిగాడు. జీనత్ ఇవ్వలేదు.

"పుస్తకం చూస్తే పేర్లొస్తయి సారూ, మొఖాలు రావు. ఒక్కొక్కరిని అడుగుండ్రి."

చేసేది లేక ఆయన చాట చాట దగ్గరా ఆగి, "అమ్మా, మీ పేరేంది?" అని అడుగుతూ వచ్చాడు. ముందు బీరమ్మ దగ్గరే దొరికిపోయాడు.

"నా పేరు ఏయమ్మ సారూ."

"బీరమ్మ గద?"

"ఉండె. మూడేండ్ల సంది మీరు పిలిచీ పిలిచీ గదే అలవాటైంది."

అందరూ నవ్వారు. ఈసారి అమరేందర్ కూడా నవ్వాడు. గోడ వార చాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన గొంతుక్కూర్చున్నాడు.

"ఆనాడు లారీవాళ్ల ముందట గామాట అనుడు నాది తప్పే అమ్మా."

ఆమె గింజలు ఏరుతూనే చెప్పింది. "నా పేరు గోవిందమ్మ. ఈ మూలకు లైటు పోయి నెలాయె సారూ. రెండుసార్లు చెప్పిన. ఏయ్, పని చూడు అన్నరు."

అమరేందర్ తల పైకెత్తి చూశాడు. హోల్డర్ ఖాళీగా వేలాడుతోంది. బండి మీద బజారుకు వెళ్లి లైటు తెచ్చాడు. తనే స్టూలెక్కి పెట్టాడు. గోవిందమ్మ కింద స్టూలు పట్టుకుంది.

పదిరోజుల్లో ఆయనకు పద్నాలుగు పేర్లూ వచ్చాయి. అంతటితో ఊరుకోకుండా ఒకరోజు బీరమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "బీరమ్మా, బస్తాలు మోసే జానీని మీరందరు ఏమని పిలుస్తుండ్రు?"

జానీకి సరిగా వినబడదు. అందుకని మిల్లులో ఆడవాళ్లందరూ "ఓ చెవిటీ!" అనే కేకేసేవాళ్లు. అందులో బీరమ్మదే పెద్ద గొంతు.

"అరే... గది మర్సిపోయినం," అంది, నేల చూపులు చూస్తూ.

మెల్లగా పిలిస్తే జానీకి వినబడదు గనక మర్యాదగా పిలవాలంటే అతని దగ్గరిదాకా నడవాల్సిందే. బీరమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, మిల్లంతా దాటి వెళ్లి, బస్తాల దగ్గర కూర్చున్న అతని భుజం తట్టింది.

"జానీ భాయ్, చాయ్ తాగుదువు రా."

జానీ ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమన్నవ్? వినవడలే. ఇంకోపారి పిలువు."

అతని పెదవుల చివర నవ్వు దాగడం లేదు. బీరమ్మకు అంతా అర్థమైంది. అయినా ఇంకోసారి పిలిచింది.