గుట్ట ఎక్కని బండి

అల్లుడి కారు మూడు రోజులు నా రిపేరు షెడ్డులోనే ఉంది. పేరుకి టర్బో బండి. చదునుమీద బాగానే పోతుంది, గుట్ట కనిపిస్తే మాత్రం మొరాయిస్తుంది. "పికప్ రావట్లేదత్తయ్యా" అని వాల్తెరి నసుగుతూ తాళాలిచ్చాడు. దక్షిణాన హెల్సింకి పట్నంలో పెరిగినవాడు, ఏ మాటా సూటిగా చెప్పడు.

వేరే సమయమైతే తీరిగ్గా చూసేదాన్ని. కానీ మా అమ్మాయి మిర్వాకి నెలలు నిండాయి. కాన్పుల ఆసుపత్రి రోవానియెమిలో, రెండు గంటల దారి, అన్నీ గుట్టలే. రెండేళ్ల కింద మొదటివాడు ఓయివ నడి చలికాలంలో రోడ్డు పక్కన, ఈ కారు వెనక సీట్లోనే పుట్టాడు. ఎలాగో బతికి బట్టకట్టాడు. ఆ రోజు వాల్తెరి ముసలమ్మలా నడిపాడని ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నాను. "ఈసారి మంచం మీద కంటానమ్మా" అని మిర్వా నా చెయ్యి పట్టుకుని అడిగింది.

గాలి గొట్టాల్లోకి పొగ పంపి చూశాను, ఎక్కడా చిల్లు లేదు. ఫిల్టరు మార్చాను. టర్బో చక్రం వేలితో తిప్పితే సాఫీగానే తిరిగింది. కంప్యూటరు తగిలిస్తే ఇంజన్లోకి పోయే గాలి మరీ వేడిగా ఉందని చూపించింది. మే నెల, మంచు మొన్ననే కరిగింది, గాలికి అంత వేడి ఎక్కణ్నుంచి వస్తుంది? సెన్సరు అబద్ధం చెబుతోందనుకుని దాన్నీ పీకి కొత్తది పెట్టాను.

"ఏవయ్యా, బండిలో ఎక్కడైనా చెయ్యి పెట్టి కెలికావా?"

"లేదత్తయ్యా."

"కెలికితే చెప్పు, కొట్టన్లే."

"లేదు."

ఊళ్లో నాలుగు వీధులు తిప్పితే బ్రహ్మాండంగా లాగింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు అటునుంచి రావడానికే రెండు గంటలు పడుతుందన్నారు. నా వ్యానులో ఉన్నవి రెండే సీట్లు. ఓయివని పక్కింట్లో వదిలి, ముగ్గురం ఆ కారులోనే బయల్దేరాం. నేను నడుపుతున్నాను. వెనక మిర్వా, దాని పక్కన వాల్తెరి. ఎండ పెళపెళలాడుతోంది. మొదటి గుట్ట ఎక్కాం. రెండోది ఈడ్చుకుంటూ ఎక్కింది. మూడోదాని మీద యాక్సిలరేటరు నేలకి ఆనేలా తొక్కినా బండి నడకకి దిగిపోయింది. వెనక దుంగల లారీవాడు హారన్ కొడుతున్నాడు. మిర్వా మూలుగు వినిపించినప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

పక్కకి ఆపి, బానెట్ ఎత్తాను.

టర్బోలోంచి గాలి కాలుతూ వస్తుంది. బంపరు వెనక ఇంటర్‌కూలర్ ఉంటుంది, అందులో చల్లబడి ఇంజన్లోకి పోవాలి. దాన్లోకి వెళ్లే గొట్టం పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. బయటికొచ్చే గొట్టమూ అలాగే చురుక్కుమంది. అంటే గాలి చల్లబడట్లేదు. పాపం, సెన్సరు నిజమే చెప్పింది. బండి దానంతటదే భయపడి బలం తగ్గించుకుంటోంది.

మోకాళ్ల మీద కూర్చుని బంపరు జాలీలోంచి వేళ్లు దూర్చాను. మెత్తగా తగిలింది. ఇంటర్‌కూలర్‌కి అడ్డంగా అట్ట! నల్లరంగు పూసి, ప్లాస్టిక్ తాళ్లతో ఎంత బిగించి కట్టారంటే, పైనుంచి చూస్తే బండిలో భాగమే అనిపిస్తుంది.

"ఇదేంటి?"

దిగి వచ్చిన వాల్తెరి ముఖం పాలిపోయింది. "అట్ట... అత్తయ్యా."

"అట్టని నాకూ కనిపిస్తోంది! ఎవడు పెట్టాడు?"

"నేనే. అక్టోబర్లో మీరే కదా... 'చలి తెలియని మొహమా, బండి ముందు భాగానికి అట్ట కట్టకపోతే వేడెక్కదు, పిల్లాడు గడ్డకట్టిపోతాడు' అన్నారు."

అన్నానేమో. నేను రోజుకి ఎన్ని తిడతానో, ఏవి గుర్తుంటాయి?

"మంచు కరిగాక తియ్యొద్దూ? మూడు రోజులుగా అడుగుతుంటే నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"దీనివల్లేనని తెలీదత్తయ్యా. తియ్యాలా వద్దా అని మిమ్మల్నే అడుగుదామనుకున్నా. ఆ మాత్రం తెలీదా అంటారని..."

ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచాను. అంతలో వెనక తలుపు తెరుచుకుంది.

"అరవకమ్మా!" చెమటలు కక్కుతూ మిర్వా అంది. "నీకు ఏదైనా చెప్పాలంటే మాకందరికీ భయమే. ఓయివప్పుడు పొద్దున్నే నొప్పులొచ్చాయి. 'మొదటి కాన్పు, ఊరికే హడావిడి చెయ్యకు' అంటావని సాయంత్రం దాకా నీకు చెప్పలేదు. ఆయన పోదాం పోదాం అంటూనే ఉన్నాడు. నేనే వద్దన్నాను. అందుకే రోడ్డు మీద కన్నాను, ఆయన నడపలేక కాదు."

రెండేళ్లు. ఎన్ని పండగలకి, ఎన్ని భోజనాలప్పుడు ముసలమ్మా అని వెక్కిరించాను! ఈ పిల్లాడు ఒక్కసారి కూడా ఇదీ సంగతి అని నోరు విప్పలేదు.

కత్తి కోసం చెయ్యి చాపాను. వాల్తెరి అందించాడు. తాళ్లు తెంపి అట్ట లాగేశాను. ఇంజన్ని కాసేపు ఊపిరి పీల్చుకోనిచ్చి, తాళాలు అతని చేతిలో పెట్టాను.

"నువ్వు నడుపు."

"ఎంత స్పీడు పోమంటారు?"

"నీ ఇష్టం నాయనా."

నేను వెనక కూర్చుని మిర్వా నడుము రాస్తున్నాను. బండి గుట్టని ఒక్క ఊపున ఎక్కేసింది. ఇందాక ముందెళ్లిపోయిన దుంగల లారీని దాటేశాం. మలుపు దగ్గర "బ్రేకు!" అనబోయి పళ్లు బిగించాను. దారంతా నా కాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. మిర్వా గోళ్లు నా చేతిలో దిగబడుతున్నాయి. ఒక్క మాటైనా అనలేదు, నా జన్మలో ఎప్పుడూ అంతసేపు ఊరుకోలేదు.

ఆసుపత్రి గుమ్మంలో చక్రాల కుర్చీ తెచ్చారు. "లోపలికి ఒక్కరే" అంది నర్సు. ఇద్దరూ నా మొహంలోకి చూశారు, ఏమంటానోనని.

"వెళ్లు వాల్తెరీ" అన్నాను.

బయట బల్ల మీద కూర్చున్నానే గానీ నిలకడ లేదు. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. ఎంతసేపయ్యిందో, వాల్తెరి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పాప అత్తయ్యా. మంచం మీదే పుట్టింది." కళ్లు తుడుచుకున్నాడు. "ఆ అట్ట... పారేయమంటారా, దాచమంటారా?"

"అక్టోబర్లో కావాలి, దాచు. ఎప్పుడు తియ్యాలో నువ్వే చూసుకుని తియ్యి. నన్ను అడక్కు."

అతను నవ్వాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చేశాను.